దిద్దని ముఖాలు: ఆలిస్ నీల్ గీసిన మనుషుల బొమ్మల గురించి

1. కుంచెగీత

సభ్యులందరికీ నమస్కారం. నేను న్యూజెర్సీలో ఉంటాను. 2021 వేసవిలో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఆలిస్ నీల్ (1900–1984) అనే అమెరికన్ చిత్రకారిణి బొమ్మలను ప్రదర్శించినప్పుడు, ఒక శనివారం మధ్యాహ్నం మాస్కు పెట్టుకొని వెళ్లి చూశాను. అక్కడ వందకు దగ్గరగా బొమ్మలున్నా, నేను మాత్రం ఒకదాని ముందే చాలాసేపు నిలబడిపోయాను. దాని గురించి ఈ వేదికలో రాయాలని అప్పటి నుంచి అనుకొంటూనే ఉన్నాను, ఇన్నాళ్లకు కుదిరింది.

ఆ బొమ్మ 1978 నాటిది. మార్గరెట్ ఎవాన్స్ అనే నిండు చూలాలు ఒంటి మీద నూలుపోగు లేకుండా, ఒక చిన్న పసుపుపచ్చ కుర్చీ మీద నిటారుగా కూర్చొని మన కళ్లలోకి చూస్తూ ఉంటుంది. కడుపులో ఉన్నది కవలలు. ఆ బరువుకు ఎక్కడ ముందుకు జారిపోతానో అన్నట్టు రెండు చేతులతోనూ కుర్చీని గట్టిగా పట్టుకొని ఉంటుంది. వెనుక ఒక అద్దం ఉంది. అందులో కనిపించే ప్రతిబింబానికి ఆమెకన్నా వయసు మీరినట్టు తోస్తుంది. కుర్చీలో కూర్చొన్న మనిషి ముఖంలో లేని అలసట అద్దంలోని ముఖంలో ఉంది.

నా తొలి కాన్పుకు ముందు, ఏడో నెల దాటిన తరువాత నన్ను ఫోటో తీయించుకోనివ్వలేదు. దిష్టి తగులుతుందని మా అమ్మమ్మ భయం. సీమంతం నాటి ఫోటోలలో కూడా పట్టుచీర కుచ్చెళ్లు, ఒడిలో పసుపు కుంకుమల పళ్లెం, చేతుల నిండా గాజులు కనిపిస్తాయి గానీ, ఆ వేడుక దేనికోసం జరిగిందో అది మాత్రం ఎక్కడా కనిపించదు. ఈ మార్గరెట్ బొమ్మ ముందు నిలబడినప్పుడు, నా శరీరం అప్పట్లో ఎలా ఉండేదో నేనే ఎన్నడూ సరిగా చూడలేదని తోచింది.

నా ప్రశ్న ఇది. దీనిని అందమైన బొమ్మ అనవచ్చునా? అనకూడదంటే, నేను అక్కడి నుంచి ఎందుకు కదలలేకపోయాను?

2. డ్రాయింగు మాస్టారు

కుంచెగీత గారికి నమస్కారం. నేను ఉన్నత పాఠశాలలో ముప్పై ఒక్క సంవత్సరాలు డ్రాయింగు చెప్పి పదవీ విరమణ చేసినవాడిని, కాబట్టి నా మాటలో చాదస్తం కనిపిస్తే మన్నించగలరు. మీరు రాసినది చదివి ఇంటర్నెట్‌లో ఆమె బొమ్మలు ఓ ముప్పై దాకా చూశాను.

నిలబడిన మనిషి ఎత్తు ఏడున్నర తలలని పిల్లలకు మొదటి పాఠంగా చెబుతాం. ఈమె బొమ్మల్లో తలలు పెద్దవి, కాళ్లు పొట్టివి, చేతివేళ్లు ఒక్కొక్కచోట పొట్లకాయల్లా సాగిపోయినవి. శరీరం చుట్టూ నీలిరంగు గీత అలాగే కనిపిస్తూ ఉంటుంది. ఆ గీత బొమ్మకు ఆధారం కావాలి గానీ, బొమ్మ పూర్తయ్యాక కూడా మిగిలి ఉండకూడదని మాకు నేర్పారు.

ఇక చూలాలి విషయం. మన కావ్యాలలో గర్భవతి వర్ణన లేకపోలేదు. చెక్కిళ్లు తెల్లబారడం, నడక మందగించడం, మట్టి తినాలని మనసు పుట్టడం, ఇవన్నీ కవులు ముచ్చటగా వర్ణించినవే. అయితే ఆ వర్ణన అంతా ఉపమానాల తెర వెనుక నుంచి సాగుతుంది, ఆ తెరలోనే అందం ఉంది. మా రాజమండ్రిలో దామెర్ల రామారావు గారి చిత్రశాల ఉన్నది. ఆయన 1897లో పుట్టి, ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే 1925లో మశూచితో కాలం చేశారు. అంటే ఈ ఆలిస్ నీల్‌కు ఇంచుమించు ఈడువారే. ఆయన గీసిన స్త్రీల భుజం వంపు, మెడ తిరిగిన తీరు చూసినవారికి, మనిషి శరీరాన్ని చిత్రకారుడు ఎందుకు గీయాలో వేరే చెప్పనక్కరలేదు. ఈ అమెరికా ఆవిడ దేనికోసం గీసిందో నాకు ఇంకా బోధపడలేదు. తెలిసినవారు చెప్పగలరు.

3. చరిత్రపుటలు

మాస్టారు అడిగారు కాబట్టి ఆమె జీవితం కొంత చెబుతాను. బొమ్మలు అర్థం కావడానికి జీవితచరిత్ర తెలియాలన్న నియమమేమీ లేదు గానీ, ఈమె విషయంలో రెంటినీ విడదీయడం కష్టం.

ఆలిస్ నీల్ ఫిలడెల్ఫియా దగ్గర ఒక చిన్న ఊరిలో పుట్టి, ఆడపిల్లల చిత్రకళాశాలలో చదివి 1925లో బయటికి వచ్చింది. కాబట్టి కొలతలు తెలియక అలా గీసిందని అనుకోవడానికి వీలు లేదు. అదే ఏడాది కార్లోస్ ఎన్రికెజ్ అనే క్యూబా చిత్రకారుణ్ణి పెళ్లి చేసుకొని కొంతకాలం హవానాలో ఉంది. వారి మొదటి బిడ్డ ఏడాది నిండుతుండగా 1927లో డిఫ్తీరియాతో చనిపోయింది. రెండవ బిడ్డ ఇసబెత్తాను 1930లో భర్త క్యూబాకు తీసుకొని వెళ్లిపోయాడు. ఆ బిడ్డ అక్కడే తండ్రి తరఫువారి దగ్గర పెరిగింది. ఆ దెబ్బకు నీల్ మనసు చెదిరి చాలా నెలలు ఆసుపత్రులలో గడిపింది.

కోలుకొని న్యూయార్క్ చేరిన తరువాత, ఆర్థిక మాంద్యం రోజులలో నిరుద్యోగ కళాకారులకు ప్రభుత్వం జీతమిచ్చి బొమ్మలు వేయించిన పథకాలలో చేరింది. అప్పట్లో ఆమెతో కలిసి ఉంటున్న ఒక నావికుడు ఆగ్రహంతో ఆమె బొమ్మలు మూడు వందలకు పైగా కొన్ని తగలబెట్టాడు, కొన్ని కత్తితో కోసివేశాడు. 1940ల మొదట్లో ఆ ప్రభుత్వ పథకం మూతపడినప్పుడు, అందులో తయారైన చిత్రపటాలను పాత గుడ్డల కింద తూకానికి అమ్మేశారు. ఆ సామాను కొన్న వ్యాపారి దగ్గరికి వెళ్లి, తన బొమ్మలు కొన్నింటిని తానే డబ్బిచ్చి తెచ్చుకొంది. తన పంటను తానే సంతలో కొనుక్కున్న రైతును తలచుకోండి.

1938లో ఆమె గ్రెనిచ్ విలేజ్‌లోని కళాకారుల పేట వదిలి, పోర్టోరికో నుంచి వలస వచ్చిన పేదలు నివసించే స్పానిష్ హార్లెమ్‌కు మారింది. ఇరవై ఏళ్లకు పైగా అక్కడే ఉండి ఇద్దరు కొడుకులను పెంచుతూ ఇరుగుపొరుగువారిని గీసింది. ఆ కాలంలో న్యూయార్క్ చిత్రకళ అంతా నైరూప్య చిత్రాల వైపు పరుగెత్తింది. మనిషి ముఖం గీసేవాళ్లను పాతకాలపువాళ్లని తీసిపారేసే రోజులవి. ఆమె మాత్రం ముఖాన్ని వదలలేదు, దానికి తగ్గ మూల్యం చెల్లించింది.

4. తెనాలి స్టూడియో

నేను చిత్రకారుణ్ణి కాను. మా నాన్నగారు పెట్టిన ఫోటో స్టూడియోలో పదహారో ఏట నుంచి నెగెటివులు దిద్దుతూ పెరిగినవాణ్ణి. మాస్టారు గారు చెప్పిన తెర సంగతి మా పనికి బాగా దగ్గరైనది కాబట్టి రాస్తున్నాను.

డిజిటల్ రాకముందు టచింగు అంటే ఏమిటో ఇప్పటివారికి తెలియకపోవచ్చు. ఏటవాలు బల్లకు నడుమ గంటు పెట్టి అందులో పాలగాజు బిగిస్తారు. కింద అద్దం నుంచి వెలుతురు పైకి కొడుతుంది. ఆ గాజు మీద నెగెటివు పెట్టి, దూదితో పల్చగా మందు పూసి, గరుకు కాగితం మీద సూదిలా అరగదీసిన పెన్సిల్ మొనతో చుక్కలు పెట్టాలి. నెగెటివులో అంతా తలకిందులు కదా. మశూచి గుంటలోని నీడ అక్కడ తేటగా కనిపిస్తుంది. ఆ తేటను పెన్సిల్‌తో నింపితే ప్రింటులో గుంట మాయమవుతుంది. కంటి కింద నలుపు, మొటిమ, గడ్డం కింద మడత, నుదుటి గీతలు, అన్నీ ఇలాగే పోయేవి. చెయ్యి వణికితే ముఖం మీద పొక్కు లేచినట్టు అవుతుంది. పెళ్లిచూపులకు పంపే ఫోటో అయితే ఒక్క ముఖానికి గంటన్నర పట్టేది.

ఇన్ని వేల ముఖాలు దిద్దాను గానీ, దిద్దవద్దని అడిగినవారు నాకు గుర్తున్నంతవరకు ఒక్కరే. పింఛను కాగితాలకు ఫోటో కోసం వచ్చిన ఒక ముసలావిడ. ముడతలు కాస్త తగ్గించమంటారా అని అడిగితే, "తగ్గిస్తే ఆఫీసులో నేను కాదంటారు నాయనా" అంది.

చరిత్రపుటలు గారు చెప్పిన తరువాత నేనూ నీల్ బొమ్మలు చూశాను. నేను పెన్సిల్‌తో నింపిన చోటులన్నీ ఆమె ఏరి ఏరి గీసింది. కంటి కింద ఆకుపచ్చ, ముక్కు కొనన ఎరుపు, మోకాలి మీద ఊదా. చర్మం మీద అన్ని రంగులుంటాయని నాకు తెలుసు, ఎందుకంటే వాటిని దాచడమే నా వృత్తి.

5. ప్రశ్నార్థకం

పెద్దలందరూ ఒక మాట తేల్చకుండా ముందుకు వెళుతున్నారని నా అభిప్రాయం. దిద్దకపోవడం వేరు, లోపాలను వెతికి చూపడం వేరు. మొదటిది నిజాయితీ అనుకొందాం. రెండవది ఎదుటి మనిషి పట్ల దయ లేకపోవడం కాదా?

6. ఊపిరితిత్తుల డాక్టరు

ప్రశ్నార్థకం గారి సందేహానికి నా వృత్తి వైపు నుంచి ఒక జవాబు ఉంది. వాషింగ్టన్‌లో స్త్రీ కళాకారుల కృతులకే కేటాయించిన జాతీయ మ్యూజియంలో నీల్ 1940లో గీసిన ఒక క్షయరోగి బొమ్మ ఉంది. ఆ రోగి ఇరవై నాలుగేళ్ల కార్లోస్ నెగ్రోన్, ఆమె పెద్దకొడుకు తండ్రికి సోదరుడు. హార్లెమ్‌లో ఇరుకు గదులలో కుటుంబాలకు కుటుంబాలు క్షయతో తీసుకొంటున్న కాలం అది.

స్ట్రెప్టోమైసిన్‌ను కనుగొన్నది 1943లో. అంతకు ముందు క్షయకు మందు లేదు. పుండు పడిన ఊపిరితిత్తికి విశ్రాంతి ఇస్తే మానుతుందన్న నమ్మకంతో, ఒక పక్క పక్కటెముకలను కోసి తీసివేసి, ఛాతీ గోడ లోపలికి కుంగేలా చేసేవారు. అప్పుడు ఊపిరితిత్తి ముడుచుకుపోతుంది. బతికినవారికి ఆ భుజం జీవితాంతం ఒరిగిపోయే ఉండేది. మా గురువుల కాలంలో అలాంటి శస్త్రచికిత్స జరిగిన వృద్ధులు ఒకరిద్దరు ఆసుపత్రికి వచ్చేవారు. చొక్కా విప్పకముందే భుజాల వాలు చూసి చెప్పగలిగేవాళ్లం.

నీల్ గీసిన కార్లోస్ దిండ్ల మీద వాలి ఉంటాడు. ఛాతీ మీద గాయానికి తెల్లటి కట్టు, దాని మీదుగా వాలిన ఒక చెయ్యి, పెద్ద పెద్ద కళ్లు, ఒరిగిన మెడ. నాకు మొదట కనిపించింది వెన్నెముక వంకర. వైద్యుడికి తప్ప ఇంకొకరికి అవసరం లేనంత కచ్చితంగా ఆమె ఆ వంకరను పట్టుకొంది. అయితే కేసు షీటులో మేము రాసే వంకరకు, ఈ వంకరకు తేడా ఉంది. ఆ ముఖం చూడండి. జాలి కోసం చెయ్యి చాచడం లేదు, నొప్పిని దాచడం లేదు. సిలువ నుంచి దించిన క్రీస్తు పటాలు చూసినవారికి ఆ పోలిక వెంటనే తడుతుంది. దానికోసమే ఆమె ఆ చేతిని అలా పెట్టిందని నాకు అనిపిస్తుంది.

లోపాన్ని వెతికి చూపేవాడు మనిషిని వదిలి లోపం దగ్గరే ఆగిపోతాడు. ఇక్కడ ఆమె ఆగలేదు.

7. డ్రాయింగు మాస్టారు

డాక్టరు గారు చెప్పిన బొమ్మ చూశాను. కదిలించే బొమ్మ అని ఒప్పుకొంటున్నాను. అయితే కరుణరసం వేరు, సౌందర్యం వేరు. కన్నీరు తెప్పించిన ప్రతిదీ అందమైనది కాదు. బాధపడేవారిని గీసి మన గుండె బరువెక్కించడం ఒక విధంగా తేలిక. ఏ రోగమూ లేని, ఏ కష్టమూ కనిపించని మనిషిని ఆమె ఎలా గీసిందో చూడాలి. అక్కడ గాని ఈ పరీక్ష తేలదు.

(చిన్న సవరణ. ఏడున్నర తలల కొలత చెప్పాను గదా, కూర్చొన్న మనిషికి అది వర్తించదని మా శ్రీమతి గుర్తు చేసింది. ఆమె డ్రాయింగు చదువుకోలేదు, నా పాఠాలు వినీ వినీ నేర్చుకొంది.)

8. కుంచెగీత

మాస్టారు గారూ, మీరు అడిగిన పరీక్షకు సరిపోయే జంట బొమ్మలు ఉన్నాయి. 1960లో ఆమె ఫ్రాంక్ ఓహారా అనే కవిని రెండుసార్లు గీసింది. అతను న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియంలో ఉద్యోగి కూడా. అంటే పలుకుబడి కలిగిన మనిషి, అలాంటివారికి నచ్చేలా గీస్తే ఆమెకే మేలు జరిగేది.

మొదటి బొమ్మలో అతను పక్కకు తిరిగి కూర్చొని ఉంటాడు. గద్దముక్కు, నీలికన్ను, వెనుక లైలాక్ పూలు. కవి అంటే ఇలా ఉండాలని మనం ఊహించుకొనే రూపమే అది. మీరు చూస్తే మెచ్చుకొంటారు. అక్కడితో ఆగి ఉంటే అందరికీ సంతోషమే. కానీ ఆమె మళ్లీ కూర్చోబెట్టి రెండో బొమ్మ గీసింది. అందులో అతను సూటిగా మన వైపు తిరిగి ఉంటాడు. నోరు కొంచెం తెరుచుకొని, సమాధిరాళ్లలా ఎగుడుదిగుడుగా ఉన్న పళ్లు కనిపిస్తాయి. ముఖం నిండా చిన్నచిన్న మచ్చలు. లైలాక్ పూలు వాడిపోయాయి.

నేను రెంటినీ పక్కపక్కన పెట్టుకొని చాలాసార్లు చూశాను. మొదటి బొమ్మను చూసి మెచ్చుకొంటాం, అయితే ఆ మనిషితో మాట్లాడాలని అనిపించదు. రెండో బొమ్మలోని మనిషి ఇప్పుడే ఏదో అనబోతున్నాడు. విందామని ముందుకు వంగుతాం.

ఇంకొకటి ఆండీ వార్హాల్ బొమ్మ, 1970 నాటిది. ప్రచారమే ఊపిరిగా బతికిన చిత్రకారుడు అతను. 1968లో ఒక స్త్రీ అతణ్ణి తుపాకీతో కాల్చింది, చావు తప్పి బయటపడ్డాడు. నీల్ గీసిన బొమ్మలో నడుము దాకా బట్టలు లేవు. పొట్ట మీద అడ్డదిడ్డంగా కుట్ల మచ్చలు, వాటి కింద శస్త్రచికిత్స తరువాత కట్టుకొన్న పట్టీ, కొద్దిగా జారిన రొమ్ము. జీవితమంతా ఇతరుల ముఖాలను చూస్తూ, తనను చూపించుకొంటూ గడిపిన మనిషి ఇక్కడ కళ్లు మూసుకొని ఉన్నాడు. కూర్చొన్న సోఫాను రెండు మూడు గీతలతో వదిలేసింది, వెనుక గోడ లేదు. అలాంటి మనిషి ఆమె ముందు ఆ మచ్చలు కనబడేలా ఎందుకు విప్పి కూర్చొన్నాడన్నది నాకు బొమ్మకన్నా పెద్ద ఆశ్చర్యం.

9. చరిత్రపుటలు

ఎందుకు కూర్చొనేవారన్న ప్రశ్నకు ఆమె పని చేసిన తీరులో కొంత జవాబు దొరుకుతుంది.

ఆమెకు విడిగా స్టూడియో లేదు. ఉన్న ఫ్లాటులోనే, కిటికీ వెలుతురులో, ఇంట్లో వాడే కుర్చీల మీద కూర్చోబెట్టి గీసేది. వచ్చినవారితో ముందు కబుర్లు పెట్టుకొనేది. బాగా నవ్వించేదట, మాట కూడా కాస్త మోటుగానే ఉండేదట. మాటల్లో పడిన మనిషి తనకు తెలియకుండానే తనకు అలవాటైన తీరులో సర్దుకొని కూర్చొంటాడని, ఆ కూర్చొనే తీరులోనే అతని స్వభావమూ, లోకం అతనికి చేసినదీ రెండూ బయటపడతాయని ఆమె నమ్మకం. ఆ క్షణం దొరకగానే ముందుగా స్కెచ్ వేసుకోకుండా, పల్చన చేసిన నీలిరంగుతో తిన్నగా కాన్వాసు మీద గీత మొదలుపెట్టేది. మాస్టారు గారు అభ్యంతరం చెప్పిన నీలిగీత అదే. చేతిలో పడిన మొదటి చూపును చెరపకూడదన్నట్టు దానిని అలాగే ఉంచేది.

తన బొమ్మలను రూపచిత్రాలని పిలవడం ఆమెకు ఇష్టం లేదు. డబ్బున్నవారు తమను తాము గొప్పగా వేయించుకొనే వ్యవహారం ఆ మాటకు అంటుకొని ఉందని కాబోలు, "మనుషుల బొమ్మలు" అనేది. తాను ఆత్మలను సేకరించేదానినని కూడా చెప్పుకొంది. తనకు అన్నింటికన్నా మనుషులే ముందని 1950లో ఒక కమ్యూనిస్టు పత్రికతో అన్న మాటే, కుంచెగీత గారు చూసిన ప్రదర్శనకు పేరయింది.

బొమ్మను అసంపూర్తిగా వదిలేసే విషయంలో ఒకటి చెప్పుకోవాలి. 1965లో వీధిలో కనిపించిన జేమ్స్ హంటర్ అనే నల్లజాతి యువకుణ్ణి పిలిచి కూర్చోబెట్టింది. అతనికి వియత్నాం యుద్ధానికి సైన్యంలో చేరమని పిలుపు వచ్చి ఉంది. మొదటి రోజు చెంపకు చెయ్యి ఆనించి కూర్చొన్నాడు. ముఖమూ, ఆ చెయ్యీ రంగులతో పూర్తయ్యాయి, మిగిలిన శరీరం గీతలుగానే ఉంది. రెండోసారి అతను రాలేదు. ఆమె ఆ కాన్వాసును ఊహించి నింపకుండా, అది పూర్తయినట్టుగానే సంతకం చేసింది.

పేరు మాత్రం ఆలస్యంగా వచ్చింది. 1970లో స్త్రీవాద రచయిత్రి కేట్ మిల్లెట్ బొమ్మను టైమ్ పత్రిక ముఖచిత్రం కోసం గీయడం, 1974లో విట్నీ మ్యూజియం ఆమె బొమ్మలతో ప్రత్యేక ప్రదర్శన పెట్టడం, ఈ రెంటితో లోకం ఆమె వైపు తిరిగింది. అప్పటికి ఆమెకు డెబ్బై నాలుగేళ్లు.

10. ప్రశ్నార్థకం

నా మాట కొంత మార్చుకొంటున్నాను, అయితే పూర్తిగా కాదు. ఇంతవరకు అందరూ ఆమె "ఉన్నది ఉన్నట్టు" గీసిందని ధ్వనించేలా రాశారు. అది నిజం కాదని మాస్టారు గారి మొదటి అభ్యంతరమే చెబుతోంది. తలలు పెద్దవి చేసింది, వేళ్లు సాగదీసింది, ఓహారా వెనుక పూలను వాడగొట్టింది. పూలు వాటంతట అవే వాడాయని అనుకొన్నా, వాటిని గీయాలని నిర్ణయించింది ఆమే కదా. కాబట్టి దిద్దలేదనడం సరికాదు. ఆమె కూడా దిద్దింది, ఇంకో వైపుకు దిద్దింది.

అలాగే ఆమెను పూజాపీఠం ఎక్కించడం కూడా నాకు ఇష్టం లేదు. కన్నబిడ్డకు దూరమై, చిత్రకళ కోసం ఇంట్లో పిల్లలు పడిన కష్టాన్ని కూడా ఓర్చుకొన్న మనిషి. బొమ్మల్లోని దయ ఇంట్లో అందరికీ సమానంగా అందిందని చెప్పడానికి ఆధారాలు లేవు.

11. తెనాలి స్టూడియో

ప్రశ్నార్థకం గారు సరిగ్గా చెప్పారు. తెలుగులో దిద్దడం అంటే చాలా అర్థాలున్నాయి. బొట్టు దిద్దుతాం, తప్పు దిద్దుతాం, పలక మీద ఓనమాలు దిద్దిస్తాం. ఈ మూడింటిలోనూ ముందే ఒక సరైన రూపం ఉంటుంది, చెయ్యి దానివైపు పోతుంది. మా స్టూడియో పని కూడా అంతే. మా నాన్నగారు బల్ల మీద ఒక సినిమా తార ఫోటో అంటించి ఉంచేవారు. ఏ ఆడపిల్ల ముఖం దిద్దినా నా చెయ్యి తెలియకుండానే ఆ బుగ్గ వైపు, ఆ కనుబొమ వైపు పోయేది. పదేళ్లు దిద్దిన తరువాత ఆల్బములు తిరగేస్తే మా ఊరి ఆడపిల్లలందరూ అక్కాచెల్లెళ్లలా ఉన్నారు.

నీల్ బొమ్మలలో ఏ ఇద్దరూ అక్కాచెల్లెళ్లలా లేరు. ఒక్కొక్క మనిషిని ఆ మనిషి వైపుకే ఇంకాస్త జరిపింది. వేళ్లు పొడుగైనవాడికి ఇంకా పొడుగు చేసింది, బిగుసుకొని కూర్చొన్నవాణ్ణి ఇంకా బిగించింది. ఆమె బల్ల మీద తార ఫోటో లేదు.

బిడ్డల విషయం నేను మాట్లాడను. అది నాకు తెలిసిన పని కాదు.

12. ఊపిరితిత్తుల డాక్టరు

పై టపా ప్రింటు తీసి మా విభాగంలో గోడకు అంటించాను.

13. కుంచెగీత

ప్రశ్నార్థకం గారు దయ గురించి అడిగినది నా మనసులో తిరుగుతూనే ఉంది. ఆమె తనను తాను ఎలా చూసుకొంది అన్నది దానికి కొంత దగ్గరగా వెళ్లే ప్రశ్న. అరవై ఏళ్లు ఇతరులను గీసిన మనిషి, తన బొమ్మ నిండుగా గీసుకోవడం దాదాపు ఎన్నడూ చేయలేదు. డెబ్బై అయిదో ఏట ప్రాంతంలో మొదలుపెట్టి, నడుమ వదిలేసి, ఎనభయ్యో ఏట 1980లో పూర్తి చేసింది. అది ఇప్పుడు వాషింగ్టన్‌లోని జాతీయ రూపచిత్ర ప్రదర్శనశాలలో ఉంది.

ఎందరినో కూర్చోబెట్టిన నీలిచారల కుర్చీలోనే తానూ కూర్చొంది. ఒంటి మీద కళ్లజోడు తప్ప ఏమీ లేదు. తెల్లజుట్టు పైకి ముడివేసి ఉంది, రొమ్ములు పొట్ట మీదికి వాలాయి, పొట్ట తొడల మీదికి వాలింది. ఒక చేతిలో కుంచె, రెండో చేతిలో తుడుచుకొనే గుడ్డ. చెంపలు ఎర్రబడి ఉన్నాయి. కుడికాలి బొటనవేలు పైకి లేచి ఉంది. నాకు అన్నింటికన్నా ఆ బొటనవేలు ఇష్టం. మా అమ్మమ్మ లెక్కలు వేసుకొంటున్నప్పుడు ఆమె బొటనవేలు కూడా అలాగే లేచేది. సిగ్గుపడుతున్న మనిషి కాదు ఆమె, పనిలో ఉన్న మనిషి. ఆ కుంచె పట్టుకొన్న తీరు చూస్తే, పని అయ్యాక లేచి బట్టలు కట్టుకొని కాఫీ పెట్టుకొంటుందని తెలిసిపోతుంది.

ఇతరుల విషయంలో ఆమె ఎంత కఠినమో, తన విషయంలో అంతకన్నా తక్కువ కఠినం కాదు. దయకు అది రుజువు అవుతుందో కాదో నేను చెప్పలేను, పక్షపాతం లేదనడానికి మాత్రం రుజువే.

14. డ్రాయింగు మాస్టారు

ఈ చర్చ వారం రోజులుగా నన్ను స్థిమితంగా ఉండనివ్వలేదు. మాటలతో తేలేది కాదని, నిన్న ఉదయం నేనే ఒక ప్రయత్నం చేశాను.

మా శ్రీమతి వరండాలో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ గోడకు ఆనుకొని కూర్చొంది. ఒక కాలు చాపి, ఒక మోకాలు పైకి మడిచి, చేట ఒడిలో పెట్టుకొని ఉంది. చరిత్రపుటలు గారు చెప్పిన క్షణం ఇదేననిపించింది. బొమ్మ వేస్తాను, అలాగే ఉండమన్నాను. అనకుండా ఉండవలసింది. ఆమె లోపలికి వెళ్లి చీర మార్చుకొని, పౌడరు రాసుకొని, బొట్టు దిద్దుకొని వచ్చి కుర్చీలో రెండు చేతులూ ఒడిలో పెట్టుకొని, గ్రూపు ఫోటోలో టీచరమ్మలా కూర్చొంది. చిక్కుడుకాయల మనిషి ఎటు పోయిందో తెలియలేదు.

పాత మాటలు ఏవో కదిపి, వాళ్ల పుట్టింటి సంగతులు మాట్లాడిస్తే, ముప్పావు గంటకు నెమ్మదిగా భుజం దిగింది. అప్పుడు పెన్సిల్ ముట్టకుండా, పల్చటి నీలిరంగుతో తిన్నగా గీయడం మొదలుపెట్టాను. నలభై ఏళ్లుగా చెరిపి గీసిన చేతికి చెరపకుండా గీయడం ఎంత కష్టమో ఇప్పుడు తెలిసింది. నుదురు, ముక్కు, కళ్లజోడు ఒత్తుకొన్న గుర్తులు, అన్నీ కనిపించినవి కనిపించినట్టే వచ్చాయి. ఆమెకు గడ్డం కింద కాస్త జారింది, ఎడమవైపు ఎక్కువ. అక్కడికి వచ్చేసరికి చెయ్యి దానంతట అదే చుట్టు తిరిగి, గీతను గుండ్రంగా పైకి లాగేసింది. నేను లాగాలనుకోలేదు. తెనాలి స్టూడియో గారికి ఈ సంగతి అర్థమవుతుంది.

పూర్తయ్యాక చూపించాను. కళ్లజోడు తుడుచుకొని చాలాసేపు చూసింది.

"బాగా కుదిరిందండీ. మా పెద్దక్కయ్య అచ్చం ఇలాగే ఉండేది" అంది.

వాళ్ల ఇంట్లో అందగత్తె అని పేరు పెద్దక్కయ్యకు. ఆ నీలిగీతను ఇంకా చెరపలేదు, పక్కనే రెండోది కూడా గీయలేదు. ఈసారి చిక్కుడుకాయలు వచ్చేదాకా ఆగుతాను, చెప్పకుండా మొదలుపెడతాను.